రెండోసారి రాని పేషెంటు

డిప్రెషన్‌కు మందులు వాడుతున్నామని చెప్పేవాళ్ళ ఇంట్లో మాత్రల షీటు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నోరు విప్పి చెప్పని సంగతి అది చెబుతుంది. పది మాత్రల షీటులో ఆరు గూళ్ళు చిరిగి ఉంటాయి, నాలుగు ఇంకా నిండుగా మెరుస్తుంటాయి. ఆరో రోజుతో ఆపేశారన్నమాట. పక్కనే నాలుగు మడతలు పడ్డ ఓపీ చీటీ. దాని మీద డాక్టరు రాసిన ఆఖరి ముక్క: 15 రోజుల తర్వాత రావాలి. ఆ 15 రోజులు దాటి నెలలు గడిచిపోయి ఉంటాయి.

దీన్ని డాక్టర్లు నిర్లక్ష్యం అంటారు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అంటారు. పేషెంటు మాత్రం ఎవరినీ ఏమీ అనదు. తప్పంతా తనదేనని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది, అలా తీర్మానించుకోవడం కూడా ఆ జబ్బు లక్షణమే. నాకైతే ఈ ముగ్గురి లెక్కా తప్పనిపిస్తుంది. ఆసుపత్రికి తిరిగి రావడానికి మనిషికి ఏ ఓపిక, ఏ ఆశ, ఏ జ్ఞాపకం కావాలో డిప్రెషన్ ముందుగా తినేసేది సరిగ్గా వాటినే. అలాంటప్పుడు వచ్చే బాధ్యత మొత్తం జబ్బు మనిషి మీదే వేసి, రాలేదని నొచ్చుకోవడంలో అర్థం లేదు. పిలవాల్సింది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు.

ముందు దారి ఎంతుందో ఆళ్ళగడ్డ వైపు నుంచే చూద్దాం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల 40 కిలోమీటర్ల దాకా, జాతీయ రహదారి మీద బస్సుకు పెద్ద దూరమేం కాదు. అయితే పేషెంటు ఆళ్ళగడ్డ బస్టాండులో పుట్టి పెరగదు కదా! నల్లమల అంచున రుద్రవరం వైపు పల్లెలోనో, ఉయ్యాలవాడ, చాగలమర్రి వైపు ఊళ్ళోనో ఉంటుంది. పొద్దున్నే లేవాలి, ఆటో ఎక్కాలి, బస్సు మారాలి, ఓపీ చీటీ వరసలో నిలబడాలి, తన పేరు పిలిచేదాకా కూర్చోవాలి, లోపలికి పోయి పదిమంది వినేట్టు తన బాధ చెప్పుకోవాలి, మందుల కౌంటరు దగ్గర మళ్ళీ నిలబడాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు 'స్త్రీ శక్తి' పథకం కింద టికెట్టు లేదు. అది చిన్న మేలు కాదు. కానీ ఆ రోజు కూలి మాత్రం పోతుంది. తోడు వచ్చే భర్తకు టికెట్టూ ఉంది, కూలి నష్టమూ ఉంది. శనగ విత్తే రోజుల్లోనో, వరి కోతల్లోనో పిలుపు పడితే ఇక చెప్పేదేముంది!

ఒంట్లో బాగున్న మనిషికే ఇది ఒక పూట యుద్ధం. డిప్రెషన్ ఉన్న మనిషికి మెదడులో ఇంకో లెక్క నడుస్తుంటుంది. ఏదైనా పని చేసే ముందు మెదడు రెండు విషయాలు బేరీజు వేస్తుంది: ఎంత శ్రమ, ఎంత ఫలితం. డిప్రెషన్‌లో శ్రమ ఉన్నదానికంటే పెద్దదిగా, ఫలితం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుందని ప్రయోగాలు పదేపదే చూపాయి. 'పోయినా ఏం ఒరుగుతుంది' అన్న మాట ఆ లెక్కకు వచ్చిన జవాబు. దానికి తోడు ఏకాగ్రత తగ్గుతుంది, తారీకులు గుర్తుండవు, నిద్ర తెల్లవారుజామునే పోతుంది. పొద్దుటి పూట మనసు మరీ బరువుగా ఉండటం తీవ్రమైన డిప్రెషన్‌లో మామూలే. మన ప్రభుత్వ ఓపీ నడిచేది కూడా పొద్దుటి పూటే.

ఇప్పుడు ఆ ఆరో రోజు సంగతి. ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులు మెదడు కణాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేట్టు చేస్తాయి. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే ఆ పని మొదలవుతుంది. అయినా మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సుంకేసుల దగ్గర కేసీ కాలువకు నీళ్ళు వదిలారని విన్న రోజే కడప వైపు చివరి ఆయకట్టు మడి తడవదు కదా, ఇదీ అంతే. నాడీకణాల మీదున్న గ్రాహకాలు కొత్త పరిస్థితికి సర్దుకోవాలి, కణాల మధ్య కొత్త బంధాలు పడాలి. ఏది ఎంత పాత్ర వహిస్తుందో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.

ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ బృందం 2009లో చూపిన సంగతి ఒకటి ఇక్కడ ఆసక్తికరం. డిప్రెషన్ ఉన్నవాళ్ళకు ఒకే ఒక్క మోతాదు మందు ఇచ్చి, మనుషుల ముఖాల బొమ్మలు చూపారు. అప్పటికి వాళ్ళ మనసు ఏమాత్రం కుదుటపడలేదు. అయినా సంతోషంగా ఉన్న ముఖాలను గుర్తుపట్టడంలో అప్పుడే మెరుగుదల కనిపించింది. లోకాన్ని చూసే చూపు ముందు మారుతుంది, ఆ చూపుతో కొన్ని వారాలు మనుషుల మధ్య మెలిగాక మనసు మారుతుంది. హార్మర్ వివరణ ఇంచుమించు ఇదే. నా మటుకు నాకు ఇది నమ్మదగ్గదిగానే తోస్తుంది. మందు వేసుకుని తలుపు గడియ పెట్టుకుంటే సరిపోదన్న అనుభవానికి కూడా ఇది సరిపోతుంది.

మరి దుష్ఫలితాలు? వాటికి ఈ ఆలస్యం లేదు. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతం పైగా ఉండేది మెదడులో కాదు, పేగుల్లో. అందుకే మొదటి రోజు నుంచే కడుపులో తిప్పుతుంది, విరేచనాలు కావచ్చు, తలనొప్పి, వణుకు, అశాంతి. చాలామందిలో ఇవి వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. మొదటి రెండు వారాల్లో పేషెంటుకు దక్కేది కష్టం ఒక్కటే, సుఖం ఇంకా దారిలోనే ఉంటుంది. ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే ఆమె దృష్టిలో మందు వికటించినట్టే. చెప్పి ఉంటే, అదే వికారం 'డాక్టరు చెప్పినట్టే జరుగుతోంది' అన్న నమ్మకంగా మారుతుంది. ఈ మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఓపీ గది బయట వందమంది ఉన్నా ఆ అర నిమిషం మిగుల్చుకోవాల్సిందే.

వయసు తక్కువ వాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. పాతికేళ్ళ లోపు వాళ్ళలో కొందరికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో అశాంతి, చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో, 2007లో 24 ఏళ్ళ దాకా యువత విషయంలో హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అలాంటివాళ్ళను నెల తర్వాత రమ్మంటే ఆలస్యమే. వారంలోనే చూడాలి. అనుకున్న రోజుకు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేయాలి. అంతవరకు ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది: పురుగుమందు డబ్బాలు ఇంట్లో లేకుండా, చేతికి అందకుండా చూసుకోవడం.

కష్టపడి రెండు మూడు సార్లు వచ్చినవాళ్ళు కూడా ఒక దగ్గర ఆగిపోతారు. ఈసారి కారణం మొదటి కారణానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: బాగుంది కాబట్టి. నిద్ర పడుతోంది, అన్నం సయిస్తోంది, ఇంక మాత్రలెందుకు? సరిగ్గా ఇక్కడే జబ్బు తిరగబెట్టేది. 2003లో 'లాన్సెట్' పత్రికలో జాన్ గెడ్డెస్ బృందం 31 ప్రయోగాలను కలిపి లెక్కగట్టింది. కోలుకున్నాక మందు ఆపినవాళ్ళలో 41 శాతం మందికి తిరగబెట్టింది, కొనసాగించినవాళ్ళలో 18 శాతం మందికే. అందుకే పూర్తిగా నెమ్మదించాక కూడా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు. రెండు మూడు సార్లు వచ్చిన జబ్బయితే ఇంకా ఎక్కువ కాలం.

ఇక 'అలవాటైపోతాయి' అన్న భయం. ఇది పూర్తిగా గాలి కబురు కాదు, దీనికి కారణం ఉంది. తోడుగా కొన్ని రోజులకు రాసే ఆల్‌ప్రజొలామ్, క్లొనజిపామ్ లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు నిజంగానే అలవాటవుతాయి. జనానికి రెండూ ఒకటే చీటీలో వస్తాయి, రెండూ 'నిద్రమాత్రలే'. అసలు జరిగేది ఇంకా అన్యాయం: అలవాటయ్యే మాత్ర వెంటనే నిద్రపుచ్చుతుంది కనుక దాన్ని మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు. జబ్బు తగ్గించే మాత్ర వెంటనే ఏమీ చేసినట్టు కనపడదు కనుక దాన్ని పారేస్తారు. రెండోసారి వస్తే డాక్టరు మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని ఉంచేవాడు. రాలేదు కాబట్టి తలకిందులైంది.

ఇది ఎంతమంది కథ? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ లాంటి జబ్బులున్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ 12లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మొదటిసారి గుమ్మం ఎక్కేవాళ్ళే ఇంత తక్కువయినప్పుడు, వచ్చినవాళ్ళను జారవిడుచుకోవడం మరీ దుబారా.

తెలుగు నేల మీదే దీనికి ఒక జవాబు వెతికారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థకు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం పశ్చిమ గోదావరి జిల్లాలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో ఒక ప్రాజెక్టు నడిపింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులు ఇచ్చి, ఇంటింటికీ పోయి కొన్ని ప్రశ్నలు అడగమన్నారు. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చూస్తాడు. ఆయనకూ ట్యాబులోనే ఏం చేయాలో దారి చూపించే ప్రోగ్రాం ఉంది. అంతటితో ఆగలేదు. ఎవరిని ముందు కలవాలో ఆశా ట్యాబు రంగులతో చూపిస్తుంది. పేషెంటుకు రికార్డు చేసిన గొంతుతో ఫోన్ వస్తుంది: డాక్టర్ని కలవండి, మందులు ఆపకండి అని. ఊళ్ళో నాటకాలు, వీడియోలు వేసి సిగ్గు పోగొట్టే ప్రయత్నం వేరే.

ఫలితాలు రెండు రకాలుగా వచ్చాయి. గిరిజన గ్రామాల్లో చేసిన తొలి ప్రయత్నంలో (2017లో ప్రచురించారు) 5,007 మందిని అడిగితే 238 మందికి ఇబ్బంది ఉన్నట్టు తేలింది. వాళ్ళలో అంతకు ముందు వైద్యం తీసుకున్నది ఇద్దరు, ప్రాజెక్టు తర్వాత 30 మంది. అంటే 12.6 శాతం. తర్వాత మరో 12 గ్రామాల్లో ఏడాది పాటు చేసినప్పుడు (2020లో వచ్చిన వివరాలు) 22,046 మందిలో 900 మంది తేలారు. వాళ్ళలో వైద్యం వాడుకున్నవాళ్ళు 3.3 శాతం నుంచి 81.2 శాతానికి పెరిగారు. డిప్రెషన్ స్కోరు (27కి) సగటున 13.4 నుంచి 3.1కి దిగింది. పోల్చడానికి వేరే ఊళ్ళు లేని ప్రయత్నం కనుక ఈ దిగుదలంతా ప్రాజెక్టు ఘనతే అనలేం, డిప్రెషన్ కొందరిలో కాలంతో పాటు దానంతటదే తగ్గుతుంది కూడా. ఆ లోటు తీర్చడానికి పశ్చిమ గోదావరిలోను, హర్యానాలోను 44 ఆరోగ్య కేంద్రాల పరిధిలో పోల్చి చూశారు, అక్కడా ఈ పద్ధతి ఉన్న ఊళ్ళే మెరుగ్గా ఉన్నాయి. పత్రికలన్నీ 81 అంకెను పట్టుకుంటాయి. రుద్రవరం అడవి అంచు ఊళ్ళ గురించి ఆలోచించేవాళ్ళు ఆ 12.6ను కూడా దగ్గర పెట్టుకోవాలి.

ఈ ఆలోచనకు మూలం మనకింకా దగ్గర్లోనే ఉంది. కర్నూలు పొరుగునున్న బళ్ళారిలో 1980లలో నిమ్హాన్స్ వాళ్ళు మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా దించి చూపారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. విశాఖపట్నంలోని ఒక డయాబెటిస్ కేంద్రం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ కేంద్రాలతో కలిసి షుగరూ డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందిపై చేసిన ప్రయోగం 2020లో అచ్చయింది. అక్కడ తేడా తెచ్చింది కొత్త మందేం కాదు. పేషెంట్లను క్రమం తప్పకుండా పలకరించి, వాళ్ళ స్కోర్లు డాక్టరు ముందు పెట్టే కేర్ కోఆర్డినేటర్లను పెట్టారు.

ఇక ఒట్టి పలకరింపుకు ఎంత బలముందో చెప్పే కథ శాన్‌ఫ్రాన్సిస్కోది. జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, డిప్రెషన్‌తోనో ఆత్మహత్యా యత్నంతోనో ఆసుపత్రిలో చేరి, ఇంటికెళ్ళాక 'ఇక వైద్యం వద్దు' అన్న 843 మందిని తీసుకున్నాడు. దాదాపు సగం మందికి అయిదేళ్ళలో 24 ఉత్తరాలు రాయించాడు. రెండు మూడు వాక్యాల ఉత్తరాలు: బాగున్నారా, రాయాలనిపిస్తే రాయండి, మాకు సంతోషం. అపాయింట్‌మెంటు లేదు, మందలింపు లేదు, నింపాల్సిన ఫారం లేదు. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువ. 2001లో ఈ వివరాలు అచ్చయ్యాక జరిగిన ఇలాంటి ప్రయోగాలన్నీ ఇంత బాగా రాలేదన్న మాటా చెప్పాలి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా అయిదు చోట్ల, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన 1,867 మందితో చేసిన అధ్యయనం 2008లో ఆ దిశలోనే వచ్చింది. ఒక గంట మాట్లాడి, 18 నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించినవాళ్ళలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు వైద్యం అందినవాళ్ళలో 2.2 శాతం.

మరి ఆళ్ళగడ్డలో ఆ పలకరింపు ఎలా ఉండాలి? 'ఎందుకు రాలేదు? ఇట్లయితే జబ్బు ఎట్లా తగ్గుతుంది?' అని మొదలైతే రెండోసారి ఆ ఫోన్ ఎత్తరు. అలా కాక, ఆశా కార్యకర్త ఫోన్ ఇలా సాగిందనుకోండి:

"అక్కా, బాగుండావా? అన్నం తిన్యావా?"

"ఏం తినేది మ్మా. ఆ మాత్రలు ఏసుకుంటే కడుపులో తిప్పతాంది. ఆపేసినా."

"శానామందికి తిప్పుతాదంటక్కా మొదట్లో. తిన్నాక ఏసుకోవాల్నా, మాత్ర మార్చాల్నా, ఆ డాక్టర్నే అడుగుదాం. బేస్తవారం నేనూ నంద్యాలకు పోతాండా. ఏడు గంటల బస్సుకు పోదాం, మీ ఇంటి కాడికే వస్తా."

"చూస్తాలే మ్మా."

"చూసేదేం లేదక్కా, చీటీ నేను తీసుకుంటా. నువ్వు పాత చీటీ, ఆ మాత్రల షీటు సంచిలో ఏసుకో సాలు."

ఇందులో 'ఎందుకు' అన్న మాటే లేదు. ఆపేశానన్న సంగతి తిట్టు తినకుండా బయటపడింది. ఏ రోజు, ఏ బస్సు, ఎక్కడి నుంచి, చేతిలో ఏం పట్టుకోవాలి, అన్నీ తేలిపోయాయి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చెబుతున్నది ఇదే: 'వెళ్ళాలి' అనుకోవడానికీ, 'ఫలానా వేళకు ఫలానా చోటి నుంచి వెళ్తాను' అనుకోవడానికీ ఆచరణలో చాలా తేడా ఉంది. నిర్ణయాలు తీసుకోలేని జబ్బులో ఉన్న మనిషికి, తీసుకోవాల్సిన నిర్ణయాలను తగ్గించి ఇవ్వడమే పెద్ద సాయం.

ఇందులోనూ చిక్కులున్నాయి. ఆశా కార్యకర్త అదే వీధి కోడలు. ఆమె గడప తొక్కితే పక్కింటివాళ్ళు ఆరా తీస్తారు. బీపీ మిషను సంచిలో ఉంటే ఆ ఆరా ఆగిపోతుంది. 104 బండి ఊళ్ళోకి వచ్చిన రోజున బీపీ, షుగరు మందుల వరసలోనే ఈ పేషెంటునూ చూస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇంకో చిక్కు ఫోను. ఓపీలో రాయించిన నంబరు చాలాసార్లు కొడుకుది, ఆ కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఆసుపత్రి మెసేజీ ఇంగ్లిషులో అతని ఫోనుకు పోయి, అక్కడే అణగిపోతుంది. 'ఈ నంబరు ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వేళకు చేస్తే నువ్వు ఎత్తుతావు, ఇంకెవరైనా ఎత్తితే ఏమని చెప్పమంటావు' అని మొదటి రోజే అడగాలి. పేషెంటు తనంతట తాను మాట్లాడాలనుకుంటే 14416 ఉంది: 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అంత కష్టపడి వస్తే అక్కడ ఏం చేయాలి? 'ఎట్లుంది' అంటే 'అట్లనే ఉంది సార్' అంటుంది. 'సరే, అవే వాడు' అని పంపిస్తే మూడోసారి రాదు, రాకపోవడం న్యాయం కూడా. 2001 నుంచి వాడుకలో ఉన్న పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీ ఇక్కడ అక్కరకొస్తుంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, నీరసం లాంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో అడిగి ఒక్కోదానికి 0 నుంచి 3 వేస్తారు, మొత్తం 27. మొదటిసారి 19 వచ్చిన మనిషికి ఇప్పుడు 14 వచ్చిందనుకుందాం. ఆమెకేమో తేడా తెలియదు, ఎందుకంటే డిప్రెషన్‌లో చెడ్డ రోజులే గుర్తుంటాయి. కాగితం మీద మాత్రం నిద్ర పట్టని రోజులు తగ్గాయని ఉంది. ఆ అంకెను తిప్పి ఆమెకే చూపించాలి. అది 19 దగ్గరే ఆగి ఉంటే మోతాదు పెంచడమో మందు మార్చడమో చేయాల్సింది డాక్టరు. రెండు సందర్భాల్లోనూ ఆమె వచ్చినందుకు ఏదో ఒకటి జరిగింది.

ఎవరూ పట్టించుకోని అపాయింట్‌మెంటు ఇంకొకటి ఉంది, ఆఖరిది. మందు ఎప్పుడు, ఎలా ఆపాలో చెప్పేది. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు జిల్లుమన్నట్టు ఉండటం, చిరాకు, పిచ్చి కలలు రావచ్చు. అది చూసి 'మందుకు బానిసనయ్యా' అని భయపడేవాళ్ళు కొందరు, 'జబ్బు మళ్ళీ వచ్చింది' అనుకునేవాళ్ళు కొందరు. మోతాదును కొన్ని వారాలు, అవసరమైతే నెలల పాటు మెట్లు మెట్లుగా తగ్గిస్తే ఈ బెడద తగ్గుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా పేషెంటుతో కూర్చుని తేల్చుకోవాలి. స్వాతి కార్తెలో శనగ విత్తుతూ, పెట్టుబడికి అప్పు వెతుక్కుంటున్న రోజుల్లో వద్దు. పంట ఇంటికొచ్చి, చేతిలో నాలుగు డబ్బులు, కాస్త తీరిక ఉన్న నెలలో తగ్గించడం మొదలుపెట్టి, ఆపేశాక ఒకసారి, ఇంకో రెండు మూడు నెలలకు ఇంకోసారి రమ్మనాలి. ఆ తారీకులు చీటీ మీద తెలుగులో రాసివ్వాలి.